ఇంటి చదువు ఎవరి కోసం?

(వాడపల్లి మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కృష్ణ, మూసీ కలిసే ఈ ఊళ్లో నరసింహస్వామికి మొక్కని వాళ్లు మనలో తక్కువ. భక్తిని తక్కువ చేసి మాట్లాడబోను. "మా ఆచారం వేరు, పిల్లను బడికి పంపం, ఇంట్లోనే చదువు చెప్పుకుంటాం" అంటే చట్టం ఒప్పుకుంటుందా? అడగాల్సిన ప్రశ్నే.

14 ఏళ్లదాకా చదువు పిల్లల హక్కని 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద వేసిన కేసే. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది 2009 విద్యాహక్కు చట్టం, 10వ సెక్షన్. చేర్చకపోతే శిక్షేమిటో మాత్రం రాయలేదు. 2012 సవరణ వేదపాఠశాలలను, మదర్సాలను ఆ చట్టం నుంచి తప్పించింది. ఇంటి చదువు ఊసు అందులో లేదు.

అమెరికాలో ఆమిష్ అనే క్రైస్తవ శాఖవాళ్లు ఎనిమిదో తరగతి దాటాక పిల్లల్ని బడికి పంపబోమని 1972లో అక్కడి సుప్రీంకోర్టులో గెలిచారు. డగ్లస్ అనే జడ్జి మాత్రం, పిల్లల ఇష్టం కూడా అడగాలి కదా అన్నాడు.

నాకూ అదే పట్టింపు. మన దగ్గర ఆచారం పేరు చెప్పి ఇంట్లో కూర్చోబెట్టేది కొడుకునా? పెద్దమనిషైన కూతుర్నే. తెల్లారితే బోళ్లు, నీళ్లు, చంకలో తమ్ముడు; ఇక పుస్తకం ఎప్పుడు తెరుస్తుంది? బడి రిజిస్టరులో పేరుంటే, నాలుగు రోజులు రాకపోతే పంతులమ్మయినా అడుగుతుంది. ఇంట్లో అడిగేదెవరు?

ఇప్పటికే బడి మానిన పిల్లలున్న తల్లులు సభయ్యాక ఆగండి. 14 నిండితే ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టించవచ్చు. పిల్లను కూడా వెంట తీసుకురండి.