కొండ మీద ఒక రాత్రి

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్ల విద్యాలయ ఉత్సవంలో కొండ ఎక్కడాన్ని గూర్చిన ప్రసంగమేమిటని కొందరికి సందేహం కలుగవచ్చు. సోగత్తూరు వాసులకు కొండ కొత్త కాదు. వత్తల్‌మలై, సిత్తేరి కొండలు, అరూరు దగ్గరి తీర్థమలై, ఆవల సేలం జిల్లాలోని శేర్వరాయన్ కొండలు అన్నవి ఇక్కడి పిల్లలు భూగోళ పాఠం చదువకముందే వినే పేర్లు. అయితే కొండను నిత్యం చూడడం వేరు, ఒక రాత్రి దానిపై గడపడం వేరు. ఆ రాత్రి విద్యార్థికి ఏమి నేర్పగలదు, ఎవరి తోడుతో నేర్పగలదు అన్నదే ఈ ప్రసంగ విషయం.

ముందుగా నేర్పేది ప్రకృతి శాస్త్రం. వెయ్యి మీటర్ల ఎత్తు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుందని పుస్తకంలో ఉంది. క్రింద చెమటతో బయలుదేరిన బాలుడు పైన కంబళి కోసం వెదకినప్పుడు ఆ అంకె అతని ఒంటికి తెలుస్తుంది. దిగువన రాగి చేలు, పైన కాఫీ, మిరియాల తోటలు ఎందుకున్నవో కూడ అప్పుడే బోధపడుతుంది. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. అందుచేత తెల్లవారుజామున క్రింద పొగమంచు పాలసముద్రం వలె పరచుకొని, దానిలో చిన్న గుట్టలు దీవుల వలె తేలుతూ కనిపిస్తాయి. ఆ దృశ్యం చూచి ఆనందించిన కంటికి దాని కారణం కూడ తెలిస్తే ఆనందం తరగదు, పెరుగుతుంది. పట్టణపు దీపాలు లేని ఆకాశంలో కృత్తికలను, సప్తర్షి మండలాన్ని, వశిష్ఠుని ప్రక్కనున్న అరుంధతిని గుర్తించడం మరొక పాఠం.

రెండవది నడవడికి సంబంధించినది. ఎవరి నీళ్లు వారు మోయాలి. వంటచెరకు, గుడారం, బియ్యం అందరూ పంచుకొని మోయాలి. వేగంగా నడిచేవాడు వెనుకబడినవాని కోసం ఆగాలి. తరగతిలో మొదటి స్థానం పొందే విద్యార్థి అక్కడ చివర నడువవచ్చు. చివరి బల్లపై కూర్చునే విద్యార్థి ముందు నడిచి చేయి అందించవచ్చు.

మూడవదీ, ముఖ్యమైనదీ మార్గదర్శి విలువ. ఈ ప్రాంతపు కొండలపై మలైయాళి గిరిజనులు తరతరాలుగా నివసిస్తున్నారు. వీరు కేరళ మలయాళులు కారు. తమిళంలో మలై అనగా కొండ. తమ పూర్వులు కాంచీపురం ప్రాంతం నుండి వచ్చారని వీరి ఐతిహ్యం. సామలు, రాగులు పండించి బ్రతికిన ఈ జనానికి ఏ ఊట వేసవిలో ఎండదో, ఏ వాగు వానకు హఠాత్తుగా పొంగుతుందో, ఏ చోట రాత్రి విడిది చేయరాదో తెలుసు. ఆ విద్యకు పట్టా లేదు. కాని అది విద్య కాకపోలేదు.

1953 మే 29న ఎవరెస్టు శిఖరంపై హిల్లరీ ప్రక్కన నిలిచిన టెన్జింగ్ నార్గే కూడ బరువులు మోస్తూ పర్వత జీవితం ఆరంభించినవాడే. మరుసటి సంవత్సరం డార్జిలింగులో పర్వతారోహణ సంస్థ ఏర్పడినప్పుడు ఆయనే శిక్షకుడయ్యాడు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామ బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా బాలుడు ఆనంద్ కుమార్ అదే శిఖరాన్ని అందుకొన్నారు. పూర్ణకు అప్పటికి 14 ఏండ్లు నిండలేదు. ఇద్దరూ గురుకుల పాఠశాలల విద్యార్థులు. వారి తొలి అభ్యాసం భువనగిరి కోట బండపై జరిగింది. శిక్షణ, క్రమం, షెర్పాల తోడు లేనిదే వారి ధైర్యం ఒక్కటే వారిని అంతదూరం చేర్చేది కాదు.

ఇందుకు మరొక ప్రక్క కూడ చూడాలి. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండలలో, ముందురోజు పైకి వెళ్లి రాత్రి బసచేసి దిగుతున్న యాత్రికులు, మరికొందరు దావానలంలో చిక్కుకొన్నారు. ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఎక్కువమంది యువతీ యువకులు. మార్చి మాసంలో కొండగడ్డి ఎండి ఉంటుంది. వాలుపై మంట పైకి ఎగబ్రాకే కొద్దీ దాని వేడికి పైగడ్డి ముందే ఎండి అంటుకుంటుంది; పరుగెత్తే మనిషిని అది అందుకోగలదు. ఆ వార్త చదివిన ఏ తల్లి అయినా తన బిడ్డను కొండకు పంపడానికి వెనుదీస్తే ఆమెను తప్పుపట్టరాదు.

ఆ విషాదం తరువాత అదే సంవత్సరం తమిళనాడు ప్రభుత్వం అడవి నడకలకు నియమావళి చేసి, అటవీశాఖ ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది. 2024 అక్టోబరులో 40 బాటలను ఎంపిక చేసి, స్థానికులైన యువతీ యువకులకు శిక్షణ ఇచ్చి మార్గదర్శులుగా నియమించే పథకాన్ని ఆరంభించింది. అనగా సమాధానం కొండను మూసివేయడం కాదు, కొండ తెలిసినవారి చేతిలో చేయి పెట్టి ఎక్కడం.

పాఠశాల ఏదైనా అట్టి యాత్ర తలపెడితే కొన్ని నియమాలు విధిగా పాటించాలి. గడ్డి ఎండే మాసాలలోను, భారీ వర్షాలలోను పోరాదు. వ్రాతమూలకమైన అనుమతి ఉండాలి. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలో 686 చదరపు కిలోమీటర్ల అడవి 2022లో కావేరి దక్షిణ వన్యప్రాణి అభయారణ్యమైంది. అట్టిచోట ఇష్టం వచ్చినట్లు గుడారం వేయరాదు. చీకటి పడకముందే విడిది చేరాలి. నిప్పు ఆర్పి, బూడిదపై నీళ్లు పోసి, చేతితో తాకి చూచిన తరువాతనే నిద్రించాలి. మార్గదర్శికి తగిన వేతనం, తగిన మర్యాద ఇవ్వాలి. ఆయన తిరిగి పోదామంటే శిఖరం కనుచూపు మేరలో ఉన్నా తిరిగి రావాలి. ఆ రాత్రి ప్రధానోపాధ్యాయుడు కూడ ఆయన ముందు విద్యార్థియే.

తల్లిదండ్రులు అడుగవలసిన ప్రశ్న “పంపవచ్చునా, పంపరాదా” అన్నది కాదు. “ఎప్పుడు, ఎవరి అనుమతితో, ఎవరి వెంట” అని అడగాలి. ఈ మూడింటికి తృప్తికరమైన జవాబు రానిచోట నిరాకరించడం వారి హక్కు. జవాబు వచ్చినచోట బిడ్డకు ఒక కంబళి, ఒక నీళ్ల సీసా ఇచ్చి సాగనంపడం వారి ఆశీస్సు.

బడికి నాలుగు గోడలుంటాయి, చదువుకు ఉండవు. తెలిసినవాని మాట విని నడవడం ఒక్క రాత్రిలో అలవడిన విద్యార్థి, ఆ పైన ఏ దారి పట్టినా క్షేమంగా ఇల్లు చేరుతాడు. ఈ విద్యాలయం నుండి అట్టి విద్యార్థులు తరతరాలుగా వెలువడుదురు గాక!