మా జేబుగడియారములు

ఈ బల్లమీద మేము ఉంచిన పాత జేబుగడియారములు ఆగియున్నవేమని పలువురు అడుగుచున్నారు. కావలెననే ఆపినాము. లోపలి నూనె ఎండినపిమ్మట కీ ఇచ్చినచో, వెండ్రుకవంటి ఇరుసులు అరిగిపోవును. బదులు దొరకుట కష్టము.

అందరూ బంగారు మూతదాని వద్దనే నిలిచిపోవుచున్నారు! మాకు మాత్రము పక్కనున్న నికెలుదే ప్రియము. అది అమెరికా రైల్వే గడియారము. 1891లో ఒహాయో రాష్ట్రమున కిప్టన్ వద్ద రెండు రైళ్ళు ఢీకొన్నవి. ఇంజను డ్రైవరు గడియారము నాలుగు నిమిషములు ఆగి మరల నడచుటే కారణమని చెప్పుదురు. పిమ్మట వెబ్ బాల్ అను గడియారముల వర్తకుడు అక్కడి రైల్వేలకు కట్టుదిట్టములు ఏర్పరచెను. వారమునకు 30 సెకండ్లకు మించి తేడా రారాదు. ముల్లు తిప్పవలెనన్న ముందు అద్దపు చట్రము విప్పి చిన్న మీట లాగవలెను. జేబులో దానంతటది తిరుగదు. పిల్లలు వచ్చినచో ఆ మీట మేమే లాగి చూపెదము.

మీ ఇండ్ల పెట్టెలలో తాతగారి గడియారమున్నచో, శుభ్రపరచి నూనె వేయించక కీ ఇయ్యకుడు. వచ్చే ఉగాదికి ఇక్కడకు తెండు, బల్లమీద చోటున్నది.