రహదారికి పచ్చదనం – అలంకారమా, అవసరమా?

(షాలిమార్‌లో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా సర్వీసంతా రోడ్ల పనిలోనే గడిచింది. రోడ్డు పక్క చెట్ల గురించి నాలుగు మాటలు చెప్పే ముందు నా తప్పొకటి ఒప్పుకుంటాను. కొత్తగా చేరిన రోజుల్లో, యూనిట్‌కి వెళ్ళే దారిలో ఒక మలుపు లోపలివైపు వరసగా వేపమొక్కలు నాటించాను. అందరూ మెచ్చుకున్నారు. ఏడేళ్ళకు మళ్ళీ అక్కడికే పోస్టింగ్ వచ్చింది. చెట్లు గుబురుగా పెరిగాయి. ఎదురొచ్చే బండి కనబడక మా లారీ ఒక స్కూటరును గుద్దింది. స్కూటరు మీది జవాను బతికాడు, కాలు పోయింది. ఎంక్వయిరీలో తప్పు డ్రైవరుదే అన్నారు. చెట్ల మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ బరువు ఇప్పటికీ నా మీదుంది.

ఆ తర్వాతే ఈ విద్య శ్రద్ధగా నేర్చుకున్నాను. మలుపు లోపలివైపు చూపుకు ఏదీ అడ్డు ఉండకూడదు. బయటివైపు, రోడ్డుకు తగినంత దూరంలో చెట్ల వరస ఉంటే, దారి ఎటు తిరుగుతోందో డ్రైవరుకు దూరం నుంచే తెలుస్తుంది. డివైడర్ మీద గన్నేరు పెంచేది పూలకోసమే కాదు, రాత్రిపూట ఎదుటి బండి లైట్లు కళ్ళల్లో పడకుండా. పైగా దాన్ని పశువులు ముట్టవు, ఎండకూ ఓర్చుకుంటుంది. గట్ల వాలు మీద వట్టివేరు వేస్తే వానకు మట్టి కొట్టుకుపోదు.

కేంద్ర ప్రభుత్వం 2015లో హరిత రహదారుల విధానం తెచ్చింది. ప్రాజెక్టు ఖర్చులో 1 శాతం మొక్కలకు కేటాయించాలంది. మంచిదే. కానీ రోడ్డంతా అయ్యాక మిగిలిన జాగాలో మొక్కలు గుచ్చితే లాభం లేదు. రోడ్డు గీసేటప్పుడే చెట్టునూ గీయాలి.

ఇక్కడికి దగ్గర్లోనే శిబ్‌పూర్ బొటానిక్ గార్డెన్ ఉంది. 1787లో దాన్ని స్థాపించిన రాబర్ట్ కిడ్ మనలాగే సైనికుడు. 1793లో దాని బాధ్యత తీసుకున్న రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలో మొక్కల మీద పనిచేసినవాడే. అక్కడి మహా మర్రి చుట్టూ 330 మీటర్ల రోడ్డు వేశారు. మర్రి ఆ రోడ్డు దాటి పెరిగిపోయింది! చెట్టు పెరుగుతుందని రోడ్డు వేసేవాడు మరిచిపోకూడదని నాకు అక్కడ ప్రతిసారీ అనిపిస్తుంది.

కోరమాండల్ ఎక్కేలోపు తీరికుంటే ఆ మర్రిని చూసి వెళ్ళండి. ఇంటికి వెళ్ళాక మీ కాలనీ మలుపు దగ్గర, బండిలో కూర్చున్న డ్రైవరు కంటి ఎత్తు నుంచి ఒకసారి చూడండి. చూపుకు అడ్డొచ్చే కొమ్మ ఉంటే కొట్టించండి. చెట్టును కాదు, కొమ్మనే. అప్పట్లో నేను చెయ్యని పని మీరు చేస్తే నాకు అంతకన్నా తృప్తి లేదు.

జైహింద్.