ఎదకు తిరిగి వచ్చిన ఆవు
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

ఇటువంటి సభలో పాఠశాల గతవైభవాన్ని కీర్తించడం పరిపాటి. నేను పశువులను గూర్చి మాట్లాడదలచినాను. 1824లో పశుక్షేత్రం నెలకొన్న మత్తిగిరిలో అది అసందర్భం కాదనుకుంటాను.

నా చిన్ననాట మా ఇంట ఒక ఆవు ఉండేది. మూడుమార్లు దాటించినా చూడి నిలువలేదు. గొడ్డుమోతుదని మా నాయన దానిని సంతకు తోలినాడు. ఆ రాత్రి మా అవ్వ అన్నం ముట్టలేదు. ఆ ఆవుకు ఏ లోపమున్నదో నేను చెప్పజాలను. ఆంబోతును మాత్రం ఎవరూ అనుమానించలేదు.

హోల్‌స్టీన్ జాతి పశువులలో ‘డంప్స్’ అనే వంశపారంపర్య లోపం ఒకటి ఉన్నది. 1980 దశకంలో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు దానిని వెల్లడించినారు. కణం రెండు కావాలంటే కేంద్రకామ్లాలు కావాలి. వాటికి ముడిసరుకైన యూరిడిన్ మోనోఫాస్ఫేట్‌ను తయారుచేసే ఎంజైము ఇందులో కొరవడుతుంది. జన్యువుల జంటలో ఒకటే చెడితే ఎంజైము సగం ఉంటుంది. పశువు ఆరోగ్యంగానే తిరుగుతుంది, పాలిస్తుంది. రెండూ చెడిన పిండం సుమారు 40 దినాలకే గర్భంలో నశిస్తుంది. రైతుకు కనబడేది ఒక్కటే: ఆవు మళ్లీ ఎదకు వచ్చింది. ఆవు, కోడె రెండూ చెడిన జన్యువును మోస్తున్నప్పుడే, అదీ నాలుగింట ఒక వంతు పిండాలకే, ఈ గతి. లోపం లేని కోడెతో దాటిస్తే ఈ కారణాన ఏ పిండమూ పోదు. ఒక్క కోడె వీర్యం వేల ఆవులకు చేరే కాలమిది. అందుకే మన దేశంలో వీర్యకేంద్రాలకు ఎంపికచేసే హోల్‌స్టీన్ కోడెలకు ఈ పరీక్ష నియమమైనది.

చిట్టెలుకలలో మరొక తీరు. ఫినైల్‌అలనిన్‌ను మార్చే ఎంజైము లోపించిన ఎలుకలను 1990 దశకంలో పరిశోధకులు రూపొందించినారు. అటువంటి తల్లికి పుట్టిన పిల్లలు, తమలో ఒక మంచి జన్యువు ఉన్నా, పుట్టిన కొద్ది గంటలకే చనిపోయేవి. తల్లి రక్తంలో పేరుకున్నదే వాటికి విషమైనది. ఈ లోపమున్న స్త్రీలు గర్భం ధరించకముందు నుండే కఠినమైన పథ్యం పాటిస్తే ఆరోగ్యవంతులైన బిడ్డలను కంటున్నారు. పథ్యమే మందు అని మా అవ్వ ఊరకే అనలేదు!

కొన్నేండ్ల క్రితం, వేరొక ఊరి బడిలో, ఈ పాఠం చెబుతుండగా ఒక బాలిక లేచి, “అమ్మా, మా పిన్నమ్మను పుట్టింటికి పంపేముందు చిన్నాయనకు పరీక్ష చేయించినారా?” అని అడిగింది. తరగతి నిశ్శబ్దమైపోయింది. మరునాడు ఆ బిడ్డ తల్లి వచ్చి, చెల్లెలిని ఏ డాక్టరు వద్దకు తీసుకొనిపోవాలని అడిగింది. ఇద్దరినీ పంపమని చెప్పినాను.