ఒకే భాష, రెండు రాష్ట్రాలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాది తాండూరు. ఇక్కడ వికారాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. 1956 నవంబరు 1 దాకా మా తాలూకా గుల్బర్గా జిల్లాలోది. భాషను బట్టి రాష్ట్రాలు గీసినప్పుడు తెలుగు వైపు వచ్చాం. అయినా మా బజారులో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ నడుస్తాయి.

మరి భాష ఒకటైతే రాష్ట్రమూ ఒకటే కావాలా? తెలంగాణను కొన్నాళ్లు విడిగానే ఉంచమని 1955లో ఫజల్ అలీ కమిషన్ చెప్పింది. అయినా కలిపారు. పెద్దమనుషుల ఒప్పందం అమలు కాలేదన్న బాధ 1969లో ఉద్యమమైంది.

స్లావు జాతులదీ ఇదే చర్చ. యుగోస్లావియా అంటే దక్షిణ స్లావుల దేశం. సెర్బుల మాట, క్రొయేట్ల మాట దాదాపు ఒకటే. అయినా 1991లో యుద్ధంతో విడిపోయారు. మనం 2014 జూన్ 2న పార్లమెంటు చేసిన చట్టంతో విడిపోయాం. అది మన అదృష్టం.

అయితే నా లెక్క ఒకటి మిగిలింది. 1969లో నా బెంచీలో రైల్వే ఉద్యోగి కొడుకొకడు ఉండేవాడు, గుంటూరు వాడు. అందరి ముందూ వాణ్ణి "మీ ఊరికి పో" అన్నాను. ఆ ఏడాదే వెళ్లిపోయాడు. ఇవాళ మూడో వరుసలో కూర్చున్నాడు.

తెలంగాణ కావాలన్నందుకు నాకు విచారం లేదు. ఆ మాట అన్నందుకు ఉంది. ఒరే, భోజనాలప్పుడు నా పక్కనే కూర్చో.

సెలవు.