పాత సత్తు గిన్నె కథ



ఈ రోజు పాత సత్తు గిన్నె గురించి మాట్లాడుకుందాం. సత్తు అంటే అల్యూమినియం. గిన్నెకి చిల్లు పడితే ఏం చేస్తాం? పాత సామాన్ల అతనికి వేసేస్తాం. అతను తూకం వేసి డబ్బులిస్తాడు. మన పని అయిపోయింది. గిన్నె కథ మాత్రం అయిపోలేదు.

ఆ గిన్నె ఫ్యాక్టరీకి పోతుంది. అక్కడ పెద్ద పొయ్యిలో వేస్తారు. 660 డిగ్రీల వేడికి సత్తు కరిగిపోతుంది. ఇది మంచి పనే. ఖనిజం నుంచి కొత్త సత్తు తీయడానికి 100 పాళ్ల శక్తి కావాలనుకోండి. పాతది కరిగించడానికి సుమారు 5 పాళ్లు చాలు.

మన అనకాపల్లి వాళ్లకి బెల్లం వంట కొత్త కాదు. పెనంలో చెరుకు రసం కాగేటప్పుడు మడ్డి పైకి తేలుతుంది కదా? సత్తు కరిగినా అంతే. గాలి తగిలి పైన తెట్టు కడుతుంది. దాన్ని తీసేస్తారు. చల్లారితే అది బూడిదరంగు గడ్డలు, పొడి అవుతుంది. ఫ్యాక్టరీ వాళ్లు దాన్ని డ్రాస్ అంటారు.

నా చిన్నతనంలో మా వీధి చివర ఎవరో ఇలాంటి పొడి బస్తాలు పారబోశారు. మేం పిల్లలం దాని మీద ఆడుకున్నాం. వాన పడింది. ఘాటైన వాసన లేచింది. కళ్లు మండాయి, దగ్గు వచ్చింది. మా అమ్మ నన్ను లోపలికి లాక్కుపోయింది. అదేమిటో ఆ రోజు ఎవరికీ తెలీదు. టీచరు ట్రైనింగ్ చదివేటప్పుడు నాకు తెలిసింది. ఆ పొడికి తడి తగిలితే అమ్మోనియా వాయువు పుడుతుంది. అంటుకుని మండే హైడ్రోజన్ కూడా పుట్టవచ్చు. అందుకే 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు దాన్ని ప్రమాదకర వ్యర్థాల జాబితాలో పెట్టాయి.

మరి అది ఎందుకూ పనికిరాదా? పనికొస్తుంది.

ముందు దాన్ని దంచి జల్లెడ పడతారు. సత్తు ముక్కలు నలగవు, సాగుతాయి. అవి జల్లెడలో మిగులుతాయి. మళ్లీ పొయ్యిలోకి పోతాయి. కరిగించేటప్పుడు కొన్నిచోట్ల ఉప్పు వేస్తారు. ఆ ఉప్పును నీళ్లతో కడిగి తీస్తారు. అప్పుడు వచ్చే వాయువు బయటికి పోకుండా పట్టే ఏర్పాటు ఉండాలి. చివరికి మిగిలే పొడిలో ఎక్కువ భాగం అల్యూమినా. దాన్ని బాగా కాలుస్తారు.

ఈ అల్యూమినా మహా గట్టిది. ఇనుము 1538 డిగ్రీలకే కరుగుతుంది. అల్యూమినా కరగాలంటే 2050 డిగ్రీలు కావాలి! అందుకే వేడిని తట్టుకునే ఇటుకల్లో దీన్ని వాడతారు. సున్నంతో కలిపి కాలిస్తే వేడిని తట్టుకునే సిమెంటుకి పనికొస్తుంది. మన విశాఖ ఉక్కు కర్మాగారం లాంటి చోట్ల కొలుముల లోపల అలాంటి ఇటుకలు పేర్చాల్సిందే. మట్టి కాలిస్తే కుండ అయినట్టు, తెట్టు కాలిస్తే ఇటుక అవుతుందన్నమాట.

ఇంకో లాభం ఉంది. అల్యూమినాను మామూలుగా బాక్సైట్ రాయి నుంచి తీస్తారు. మన చింతపల్లి కొండల్లో బాక్సైట్ ఉంది. కొండలు తవ్వొద్దని అక్కడి గిరిజనులు ఏళ్ల తరబడి పోరాడారు. తెట్టు నుంచి తీసుకున్న మేరకు కొండను తవ్వే పని తగ్గుతుంది.

కాబట్టి తప్పు పొడిది కాదు. పద్ధతి లేకుండా పారబోయడం తప్పు. పద్ధతి తెలిసిన చోట అది సరుకు. కాలవలో పడితే విషం.

మనం ఏం చేయాలి?

ఆ పొడిని గిన్నెలు తోమడానికి ఇంటికి తేవద్దు. గుంతలు పూడ్చడానికి వాడొద్దు. నీళ్లు చల్లొద్దు. పిల్లల్ని దాని దగ్గరికి పోనివ్వొద్దు. మన వీధిలో ఎవరైనా పారబోస్తే పంచాయతీకి, కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టాలి. అలాంటి చోట కూలికి వెళ్లే వాళ్లు ముక్కుకి మాస్కు, చేతులకి తొడుగులు అడగాలి. అడగడానికి మొహమాటం ఎందుకమ్మా? ఊపిరి మనది.

నిన్న మనం "ప్రమాదం" అనే మాట రాయడం నేర్చుకున్నాం. ఇక మీదట ఏ బస్తా కనబడినా దాని మీద ఏం రాసి ఉందో చదవండి. ఆ రోజు మా అమ్మకి చదువు రాదు. మీకు వచ్చు. అర్జీ కూడా మీరే రాయగలరు.

సెలవు.