పని లేని కుక్క, పని మానిన మనిషి

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి మాట్లాడిన పెద్దలున్నారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు కుక్కల గురించి మాట్లాడమన్నారు. ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళు మోసిన గుమాస్తాకు కుక్కల గురించి ఏం తెలుసునని మీరు నవ్వుకోవచ్చు. నాలుగేళ్ళుగా రోజుకు రెండు పూటలా మా కుక్కను తిప్పుతున్నది నేనే కనుక, అనుభవం మీద నాలుగు మాటలు మనవి చేస్తాను.

మేముండేది కొండాపూర్ వైపు, అబ్బాయి ఫ్లాటులో. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయిగారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటికి మాదాపూర్ చుట్టుపక్కల ఎటు చూసినా బండరాళ్ళే. ఇప్పుడు ఆ బండల స్థానంలో ముప్పై అంతస్తుల ఇళ్ళు లేచాయి. ఆ ఇళ్ళలో మన పిల్లలున్నారు, పిల్లలతో మనమున్నాము, చాలా ఇళ్ళలో ఒక కుక్క కూడా ఉంది. తెచ్చేది పిల్లలు. వాళ్ళు ఉదయం కంప్యూటరు ముందు కూర్చుంటే రాత్రికి గాని లేవరు. గొలుసు చివరికి తాతగారి చేతికో, అమ్మమ్మగారి చేతికో వస్తుంది. ఉదయం ఆరు గంటలకు మా వీధిలో నిలబడి చూస్తే, కుక్కలను తిప్పుతున్న వారిలో సగానికి సగం తల నెరిసినవారే.

నేను చెప్పదలచుకున్నది ఒకటే మాట. కుక్క పని కోసం పుట్టిన జంతువు. దానికి తిండి పెట్టి, ఏ.సి. గదిలో పడుకోబెట్టి, పని లేకుండా చేస్తే అది చెడిపోతుంది. ఈ సంగతి మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. యాభై ఎనిమిదో ఏట దండ వేసి, శాలువా కప్పి ఇంటికి పంపించిన మర్నాడు ఉదయం పది గంటలకు మనకెలా ఉండింది? జ్ఞాపకం చేసుకోండి. ఫ్లాటులో ఉన్న కుక్కకు ఏడాది వయసులోనే ఆ పదవీ విరమణ జరిగిపోతోంది. దానికి శాలువా కూడా లేదు.

మాది ఏలూరు ప్రాంతం. నా చిన్నతనంలో కొల్లేరు గట్ల మీద బాతులను మేపేవారి వెంట జోనంగి జాగిలాలు ఉండేవి. పొట్టి వెంట్రుకలు, ముడతలు పడ్డ నుదురు, సన్నని కాళ్ళు. వందల బాతులను ఒక్క బాతుకూ పంటి గాటు పడకుండా గుంపు కట్టి తోలుకుపోయేవి. ఎండలో గొయ్యి తవ్వుకుని అందులో పడుకునేవి. చేపల చెరువులు పెరిగి బాతుల మేపు తగ్గాక ఆ జాతి కూడా అరుదైపోయింది. పని పోతే జాతే తరిగిపోయిందన్నమాట.

మన ఇళ్ళలో ఉన్న విదేశీ జాతులదీ అదే కథ. లాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ జాలరులకు చన్నీళ్ళలో వలలు లాగిపెట్టినవి. జర్మన్ షెపర్డ్ గొర్రెలు కాసింది. హస్కీ సైబీరియా మంచులో బండి లాగింది. 2003లో ఒక టెలిఫోన్ కంపెనీ ప్రకటన చూసి దేశమంతా కొనుక్కున్న పగ్ మాత్రం మొదటినుంచీ ఒడిలో కూర్చున్న కుక్క. కుక్కను తెచ్చుకునేముందు దాని సర్వీసు రిజిస్టరు చూడాలని నేను పిల్లలకు చెబుతాను. హైదరాబాదు మే నెలలో హస్కీని పెంచడమంటే, మనల్ని ఉన్ని కోటు తొడిగి కొత్తగూడెంలో నిలబెట్టడమే.

మా ఇంట్లో ఉన్నది ఏ జాతీ కాదు, మామూలు వీధికుక్క సంతతి. మా మనవరాలు మూడు నెలల పిల్లగా తెచ్చి మణి అని పేరు పెట్టింది. ఏడాది తిరిగేసరికి అది సోఫా చింపింది, చెప్పులు నమిలింది, లిఫ్టు చప్పుడైతే చాలు పావుగంట మొరిగింది. అపార్టుమెంటు సంఘం నుంచి రెండు లేఖలొచ్చాయి. ఎవరికైనా ఇచ్చేద్దామని ఇంట్లో మాట కూడా అయిపోయింది. చూడవచ్చిన పశువైద్యురాలు మందేమీ రాయలేదు. "దీనికి జబ్బు లేదండీ, పని లేదు. రోజుకు గంట నడిపించండి, పావుగంట బుర్రకు పని పెట్టండి" అన్నారు. అప్పుడు మా ఇంట్లో ఖాళీగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. రెండు నెలల్లో మొరుగుడు మూడు వంతులు తగ్గింది. ఇచ్చేద్దామన్న మాట మళ్ళీ రాలేదు.

బుర్రకు పని అంటే ఏమిటని అడుగుతారు. విదేశాల్లో దీన్ని క్రీడగా చేసుకున్నారు. 1978లో లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో, విరామ సమయంలో జనం విసుగు చెందకుండా, గుర్రాల దూకుడు పోటీల పద్ధతిలో కుక్కలచేత అడ్డుకర్రలు దూకించారు. అదే తర్వాత ఎజిలిటీ అనే ఆటగా ప్రపంచమంతా పాకింది. అడ్డుకర్ర దూకాలి, సొరంగంలో దూరాలి, వరసగా పాతిన కర్రల మధ్య పాములా మెలికలు తిరగాలి, తూగుడు బల్ల ఎక్కి దిగాలి. యజమాని పక్కనే పరుగెత్తుతూ నోటితో, చేతితో సైగ చేయాలే తప్ప కుక్కను తాకకూడదు. తప్పులు తక్కువ, సమయం తక్కువ అయినవారికి గెలుపు.

మనం పరుగెత్తలేము, నిజమే. కాని రెండు ఇటుకల మీద చీపురు పెడితే అడ్డుకర్ర. వరసగా నాలుగు నీళ్ళ సీసాలు పెడితే మెలికల దారి. అట్టపెట్టె రెండు వైపులా తెరిస్తే సొరంగం. అన్నిటికన్నా సులువైనది వాసన ఆట. మూడు గిన్నెలు బోర్లించి ఒకదాని కింద రొట్టెముక్క దాచి, వెతకమనండి. మనం కుర్చీలో కూర్చునే ఆడించవచ్చు, కుక్క ముక్కుకు మంచి పని. ఒక్క జాగ్రత్త. ఏడాది, ఏడాదిన్నర దాటి ఎముకలు గట్టిపడేదాకా ఎత్తులు దూకించకూడదు. ముసలి కుక్కనూ, ఒళ్ళు చేసిన కుక్కనూ దూకించకూడదు.

విడిచి ఆడించడానికి స్థలం కావాలనుకునేవారి కోసం జి.హెచ్.ఎం.సి. 2018లో కొండాపూర్‌లో కుక్కలకని ప్రత్యేకంగా ఒక పార్కు తెరిచింది. చెత్త పోసే స్థలాన్ని బాగుచేసి, 1.3 ఎకరాల్లో, సుమారు 1.1 కోటి రూపాయల ఖర్చుతో కట్టారు. పెద్ద కుక్కలకూ చిన్న కుక్కలకూ వేరువేరు ఆవరణలు, ఆట సామగ్రి, నీటి తొట్టె ఏర్పాటు చేశారు. మిగతా పార్కుల్లో చాలావాటిలోకి కుక్కలను రానివ్వరు. గేటు దగ్గర బోర్డు చదివి మరీ వెళ్ళండి. బోర్డులు చదవడం మనకు అలవాటేగా.

ఇక కాలాలు. ఉగాది వెళ్ళిన దగ్గరనుంచి మృగశిర కార్తె దాకా కుక్కకు గండమే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, తారు రోడ్డు మీద కుక్క పాదం సంగతి వేరే చెప్పాలా? కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. అరికాళ్ళలో కాస్త తప్ప, ఒంటి వేడిని రొప్పుతూ నోటిగుండానే పోగొట్టుకోవాలి. పగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఆ వీలు కూడా తక్కువ. అందుకని వేసవిలో సూర్యుడు రాకముందే నడక ముగించండి. సాయంత్రం పొద్దుగూకినా రోడ్డు చల్లారదు. మీ అరచేతి వెనకభాగం రోడ్డు మీద ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. మీరు ఓర్చుకోలేకపోతే కుక్కా ఓర్చుకోలేదు. విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే వడదెబ్బ. నీడకు తెచ్చి, ఒంటి మీద కుళాయి నీళ్ళు పోసి, ఫ్యాను గాలి తగలనిస్తూ వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి.

వానాకాలంలో శత్రువులు రెండు. ఒకటి గోమార్లు, మా గోదావరి వాళ్ళు పిడుదులంటారు. చెవుల్లో, వేళ్ళ సందుల్లో రోజూ చూడాలి. వాటివల్ల వచ్చే జ్వరం కుక్క రక్తాన్ని పీల్చేస్తుంది. రెండోది నిలవ నీరు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళవల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు కుక్కకూ వస్తుంది, మనకూ వస్తుంది. కుక్కకు టీకా ఉంది. ఇంటికి రాగానే కాళ్ళు కడిగి తుడవాలి. ముసురు పట్టిన రోజున వాసన ఆటే నడక.

దసరా వెళ్ళాక దీపావళి వస్తుంది. మనకు చిచ్చుబుడ్డి, దానికి బాంబుల యుద్ధం. ఆ రోజు వెలుతురుండగానే నడక ముగించి, కిటికీలు మూసి, టీవీ కాస్త గట్టిగా పెట్టండి. మెడపట్టీకి మీ ఫోను నంబరు బిళ్ళ తప్పనిసరి. బెదిరి పారిపోయిన కుక్కకు అదే గుర్తింపు కార్డు. కార్తీకం నుంచి మాఘం దాకా మాత్రం బంగారు రోజులు. ఆటలు నేర్పడానికి, దూరం నడవడానికి ఇదే అదను. సంక్రాంతికి గాలిపటాల దారాలు కాళ్ళకు కోసుకోకుండా చూడండి. చైనా మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించినా, తెగిన దారాలు ఇంకా వీధుల్లో కనబడుతూనే ఉన్నాయి. పండగ పూట పరమాన్నం పెట్టబోతే అందులో కిస్‌మిస్ ఉంటుందని మరవకండి. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, చాక్లెట్ కుక్కకు విషంతో సమానం.

ఇంతవరకు కుక్క పక్షాన మాట్లాడాను. ఇప్పుడు పక్కింటివారి పక్షాన కూడా మాట్లాడాలి. అపార్టుమెంటు సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించడానికి వీల్లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శక సూత్రాలిచ్చింది. అయితే ఆ కాగితం చేతిలో ఉందని గొలుసు వదిలేస్తే ఎలా? భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారం, జంతువును అజాగ్రత్తగా ఉంచి ఇతరులకు ప్రమాదం తెస్తే ఆరు నెలల జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాడు వీధికుక్కల బారిన పడి చనిపోయాడు. ఆ తర్వాత ఏ తల్లి అయినా కుక్కను చూసి బిడ్డను ఎత్తుకుంటే, "మాది కరవదండీ" అనకండి. పక్కకు జరిగి దారివ్వండి. లిఫ్టులో ఎవరైనా ఉంటే తర్వాతి లిఫ్టు ఎక్కండి. కుక్క దొడ్డికి కూర్చున్న చోట కాగితంతో ఎత్తి చెత్తబుట్టలో వేయండి. నేను వేస్తున్నాను, నా హోదా ఏమీ తగ్గలేదు. రేబిస్ టీకా ఏటేటా వేయించి ఆ కాగితం లైఫ్ సర్టిఫికెట్టులా భద్రపరచండి. ఏ కుక్క కరచినా, గీరినా, పసుపూ కారమూ అద్దకుండా సబ్బుతో, ధార నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్ళాలి. ఆ జబ్బు లక్షణాలు కనిపించాక వైద్యం దాదాపు లేనట్టే.

మన ఒంటి సంగతి కూడా చూసుకోవాలి. మన వయసులో పడితే తుంటి విరుగుతుంది. గొలుసు చేతికి చుట్టుకోకూడదు, పట్టుకోవాలి. చెప్పులతో కాక బూట్లతో వెళ్ళాలి. మీ బలానికి మించిన కుక్కను ఒంటరిగా తిప్పవద్దు. "నాన్నగారూ, కాస్త అలా తిప్పుకు రండి" అని నలభై కిలోల కుక్కను చేతికిచ్చే పిల్లలు ఈ మాట వినాలి.

చివరగా ఒక్కటి. కుక్క పదేళ్ళు, పన్నెండేళ్ళు బతుకుతుంది. నాకు డెబ్భై నాలుగు. లెక్క మీరే వేసుకోండి. పెన్షన్ కాగితాల్లో నామినీ పేరు రాస్తాం, బ్యాంకు ఖాతాకు రాస్తాం, కుక్కకు మాత్రం రాయం. ఈ ఐ.టి. ప్రాంతంలో పిల్లలకు విదేశాలకు బదిలీ వస్తుంది, పెద్దలు ఆస్పత్రి పాలవుతారు, కుక్క రోడ్డున పడుతుంది. మెడపట్టీతో సహా వదిలేసిన కుక్కలను నేను చూశాను. తిండీ నీళ్ళూ దొరకని స్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. చట్టం సరే, ధర్మరాజు స్వర్గద్వారం దగ్గర కూడా వెంట వచ్చిన కుక్కను విడిచి లోపలికి రానన్నాడు. మనం వీసా కోసం విడిచిపెట్టవచ్చునా? అందుకే మా ఇంట్లో అందరం కూర్చుని, నా తర్వాత మణిని ఎవరు చూస్తారు, వారికి కుదరకపోతే ఎవరు చూస్తారు అని కాగితం మీద రాసి సంతకాలు చేశాం. మొదటి పేరు మా మనవరాలిది, రెండోది కింది అంతస్తులోని ఒక రిటైర్డ్ ఉపాధ్యాయినిది. మీ ఇళ్ళలోనూ ఈ వారమే ఆ కాగితం రాయండి.